నల్లమందు – ఒడంబడికలు

పేట్ బషీరాబాద్‌లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు అడిగాడు: "విషాన్ని నల్లమందు అంటారెందుకు సార్?" గంట కొట్టడంతో ఆగిపోయిన జవాబు ఇది.

అభినిని మన ఊళ్లలో నొప్పికీ విరేచనాలకూ మందుగానే వాడారు. దాన్ని సామ్రాజ్యపు సరుకుగా మార్చింది ఈస్టిండియా కంపెనీ. బీహారు, కాశీ ప్రాంతాల రైతుల చేత పండించి, కలకత్తాలో వేలం వేసి, వర్తకుల ద్వారా చైనాకు చేర్చింది. చైనా అడ్డుకుంటే 1839లో యుద్ధానికి దిగింది బ్రిటన్. ఇరవయ్యేళ్ల రవీంద్రుడు 1881లోనే బెంగాలీ 'భారతి' పత్రికలో దీన్ని మరణ వ్యాపారంగా ఎండగట్టాడు.

ఆ సంగతి చర్చించడానికి ప్రభుత్వాలకు మరో ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. 1909 ఫిబ్రవరిలో 13 దేశాలు షాంఘైలో సమావేశమయ్యాయి. ఆ తీర్మానాలకు కట్టుబడాలన్న నియమం లేదు. 1912 జనవరి 23న హేగ్‌లో తొలి ఒడంబడిక కుదిరింది. 1919 వెర్సాయ్ సంధి దాన్ని మరిన్ని దేశాలకు వర్తింపజేసింది.

అయితే మెలిక ఇక్కడే ఉంది. పొగతాగే నల్లమందును "క్రమంగా" రూపుమాపాలన్న ఆ ఒడంబడిక, పచ్చి నల్లమందుకు అదుపు చాలన్నది. మనవాళ్లలో ఎక్కువమంది మింగేది పచ్చిదే. కాబట్టి చైనాకు ఎగుమతి ఆగినా, మన దేశంలో లైసెన్సు దుకాణాలూ ఎక్సైజు రాబడీ కొనసాగాయి. ఆ సభల్లో మన పేరున కూర్చున్నదీ బ్రిటిష్ అధికారులే.

ఈ ఒడంబడికలు వృథా అనను. అంతర్జాతీయ నియంత్రణకు పునాది అవే. కాని ఏ ఒప్పందంలోనైనా సంతకాలతోపాటు ఎవరి రాబడి చెక్కుచెదరలేదో చూడాలి. రేపు ఆ పిల్లవాడికి చెప్పబోయేది ఇదే: జనానికి అది మందు, పాలకుడికి ఖజానా.