పని ఇచ్చేవాళ్లే పాఠం చెబితే...

టెండరు పిలిచేది వాళ్లే. బిల్లు పాస్ చేసేదీ, కాంక్రీటు నచ్చకపోతే పగలగొట్టి మళ్లీ పోయమనేదీ వాళ్లే. అలాంటివాళ్లు చిన్న కాంట్రాక్టర్లను పిలిచి కూర్చోబెట్టి, తమ దగ్గర పని ఎలా సంపాదించాలో, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో పూసగుచ్చినట్టు చెబుతున్నారు. అమెరికా సైన్యానికి చెందిన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ తన ప్రాంతీయ కార్యాలయాల ద్వారా పెట్టే శిక్షణ సదస్సుల సంగతి ఇది. కట్టుబడి, వైరింగు, సర్వే, మట్టిపని చేసే చిన్న సంస్థల యజమానుల కోసమే వీటిని పెడతారు.

సైనిక ఇంజినీరు అనగానే మనకు కాటన్ దొర గుర్తొస్తాడు. మద్రాసు ఇంజినీర్ల దళం అధికారిగానే ఆయన 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించాడు. అమెరికాలోనూ నదుల బాధ్యత చాలావరకు సైన్యం చేతికే వెళ్లింది. 1802లో స్థిరపడిన ఈ దళం సైనిక స్థావరాలు కట్టించడంతోపాటు డ్యాములు, మిసిసిపీ కరకట్టలు, పడవలు దాటే లాకులు చూసుకుంటుంది. హ్యూస్టన్‌కు పడమట ఉన్న ఎడిక్స్, బార్కర్ జలాశయాలూ దానివే. 2017లో హార్వీ తుపానుకు ఆ నీళ్లు ఇళ్లలోకి రావడం అక్కడి మనవాళ్లకు ఇంకా గుర్తే. ఈ దళంలో యూనిఫాం వేసుకునేవాళ్లు కొద్దిమందే, మిగతా అంతా పౌర ఉద్యోగులు. కట్టే పని మాత్రం ఎక్కువగా కాంట్రాక్టర్లదే.

ఆ కాంట్రాక్టుల్లో చిన్నవాళ్లకు వాటా దక్కాలని అక్కడి చట్టమే చెబుతుంది. 1953లో చిన్న వ్యాపారాల చట్టం వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే కాంట్రాక్టుల విలువలో కనీసం 23 శాతం చిన్న సంస్థలకు చేరాలన్నది నేటి లక్ష్యం. ఈ పని చూడటానికి శాఖల్లో ప్రత్యేక కార్యాలయాలు 1978 చట్టంతో వచ్చాయి.

కాగితం మీద వాటా రాసినంత మాత్రాన పని చేతికి రాదు. అసలు చిక్కు ఇక్కడే. ముందు శామ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. అది పూర్తిగా ఉచితం. అయినా దానికి రుసుము వసూలు చేసే దళారులున్నారు. ఆ తర్వాత బాండ్లు. ఓ పరిమితి దాటిన ఫెడరల్ నిర్మాణాలకు 1935 నాటి మిల్లర్ చట్టం రెండు పూచీలు అడుగుతుంది. పని పూర్తిచేస్తానని ఒకటి, కూలీలకూ సామాను ఇచ్చినవాళ్లకూ డబ్బు చెల్లిస్తానని మరొకటి. పూచీ ఇచ్చే సంస్థ కాంట్రాక్టరు లెక్కలు, చేతిలో ఉన్న పెట్టుబడి, ఇదివరకు చేసిన పనులు అన్నీ తిరగేస్తుంది. గోడ ఒక్క నూలు వాలకుండా కట్టే మనిషి కూడా లెక్కల పుస్తకం సరిగ్గా లేకపోతే ఇక్కడే ఆగిపోతాడు. చిన్నవాళ్ల తరఫున ఆ పూచీకి ప్రభుత్వమే హామీ ఉండే పథకం ఒకటుంది. అది తెలియక వెనుదిరిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది నాణ్యత పాఠం. ఈ దళమూ నౌకాదళ ఇంజినీర్లూ కలిసి కాంట్రాక్టర్ల కోసం నిర్మాణ నాణ్యతపై ఒక కోర్సు రూపొందించారు. వాళ్ల పనుల్లో సైట్ మీద నాణ్యత చూసే మేనేజరుకు ఆ సర్టిఫికెట్ ఉండాలి. దాని గడువు అయిదేళ్లు. అందులో చెప్పేది ప్రతి ముఖ్యమైన పనికీ మూడు దశల తనిఖీ. కాంక్రీటే తీసుకోండి. పోతకు ముందే కూర్చుని డ్రాయింగులు, ఇనుము, మిక్స్ అనుమతి, ప్రమాదాలు అన్నీ మాట్లాడుకుంటారు. తొలి పోత దగ్గర అందరూ నిలబడి పనితనం ఎలా ఉండాలో తేల్చుకుంటారు. అక్కణ్నుంచి పని ముగిసేదాకా రోజూ చూసి రాసిపెడతారు. తప్పు పట్టుకునే మొదటి బాధ్యత కాంట్రాక్టరుదే. ఆ ఏర్పాటు సరిగ్గా నడుస్తోందా అని ప్రభుత్వ ఇంజినీరు చూస్తాడు. పెద్ద కంపెనీలో ఇది నేర్పడానికి ఓ విభాగమే ఉంటుంది. నలుగురు మనుషులున్న సంస్థకు ఎవరు నేర్పుతారు? పని చేయించుకునేవాళ్లే నేర్పాలి.

సదస్సుకు వెళ్లినంతలో ఆర్డరు రాదన్నదీ నిజమే. చిన్న చిన్న పనులన్నిటినీ ఒకే పెద్ద ప్యాకేజీగా కట్టేస్తే, ఎన్ని పాఠాలు విన్నా చిన్నవాడు బిడ్ వేయలేడు. అందుకే ఇలాంటి సదస్సుల్లో పెద్ద కాంట్రాక్టర్లతో పరిచయాలకూ చోటుంటుంది. ఈరోజు సబ్‌కాంట్రాక్టుగా చేసిన పనిని రేపు సొంత బిడ్‌లో అనుభవంగా చూపించుకోవచ్చు.

మన దగ్గర విశాఖ నౌకాదళ స్థావరంలోనో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనో కట్టడాలు చూసేది మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్. 2012 నుంచి అమల్లో ఉన్న కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు కొనే వస్తుసేవల్లో ఇప్పుడు 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. నిర్మాణ పనుల కాంట్రాక్టులు మాత్రం ఆ విధానం కిందికి రావు. గాజువాకలోనో బొల్లారంలోనో ఉన్న చిన్న సివిల్ కాంట్రాక్టరుకు ఆ వాటా అండ లేదు కాబట్టి, శిక్షణ అవసరం అమెరికాలో వాడికంటే ఇతనికే ఎక్కువ. బ్యాంకు గ్యారంటీ, రేట్ల లెక్క, నాణ్యత రికార్డు, ఈ మూడింటి మీద ఏటా ఒకటి రెండు రోజులు తమ ఇంజినీర్ల చేతే పాఠం చెప్పించడం మన శాఖలకు మోయలేని ఖర్చేమీ కాదు. అది తెలుగులో ఉంటే యజమానితోపాటు సైట్ మీద ఉండే మేస్త్రీ, సూపర్‌వైజరు కూడా వచ్చి కూర్చుంటారు.