దోమ కుడితే పిల్లలకి ఇంత వాపు ఎందుకు? ఇంట్లో ఏం చేయాలి?

మా అక్క కొడుక్కి రాత్రి దోమ కుట్టింది, పొద్దున్నకి కన్ను మూసుకుపోయేంత వాపు. "ఇన్ఫెక్షనా?" అని అక్క కంగారు. తనకి చెప్పిందే మీకూ చెప్తున్నా. మొదటి రోజు వచ్చే వాపు చాలావరకు ఇన్ఫెక్షన్ కాదు, దోమ లాలాజలానికి ఒంట్లో వచ్చే రియాక్షన్. కనురెప్ప చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది.

సబ్బునీళ్ళతో కడగండి. ఐస్‌ని గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి. దురదకి కాలమిన్ లోషన్ రాయొచ్చు, కంటి దగ్గర మాత్రం వద్దు. గోళ్ళు కత్తిరించండి, ఎందుకంటే గోకితేనే పుండు పడేది. సున్నం రాయకండి, లేత చర్మం కాలుతుంది. దురద సిరప్ ఎంత వేయాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి.

రెండు రోజులు దాటాక ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.