చిలుకలో ప్రాణం, గడ్డంలో శక్తి

కరీంనగర్, ఆదిలాబాదు పల్లెల నుంచి వచ్చిన మేమంతా బాలనాగమ్మ కథ అవ్వల నోట విన్నవాళ్లమే. అందులో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది. 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంటుంది! కాశీమజిలీ కథలను, అల్లావుద్దీన్ దీపాన్ని కలిపి పింగళి నాగేంద్రరావు ఈ కథ అల్లారు.

ఎన్.టి.రామారావు వేసిన తోటరాముడు తోటమాలి కొడుకు. సిరిసంపదలతో వస్తేనే పిల్లనిస్తానంటాడు రాజు. (ఆ మాట మాకు కొత్తదేం కాదు.) రాముడు తనను బలివ్వజూసిన మాంత్రికుణ్ణే బలిచ్చి, కోరికలు తీర్చే బొమ్మను సాధిస్తాడు. తీరా పెళ్లి వేళకు బొమ్మ, మేడ, రాకుమారి అన్నీ మళ్లీ బతికొచ్చిన మాంత్రికుడి పాలవుతాయి. అప్పుడు అక్కరకొచ్చింది స్నేహితుడు అంజి తెలివి. శిష్యుడి వేషంలో వెళ్లి, గడ్డం తీస్తే రాకుమారి మెచ్చుతుందని నమ్మించి గొరిగిస్తాడు. ఎంత దుర్మార్గుడైనా అక్కడ ఎస్.వి.రంగారావును చూస్తే మాకు పాపం అనిపిస్తుంది.