బొగ్గు పలకలతో మంచినీళ్లు

అనకాపల్లికి దక్షిణాన ఉన్న కొండకర్ల ఆవను చూడనివారు ఒకసారి చూడవలసిందే. తామరలు, వలసపక్షులు, తాటిదోనెలు - ఎంతో ముచ్చటైన మంచినీటి సరస్సు. సముద్రం అక్కడికి దూరమేమీ కాదు. తీరపు ఊళ్లలో నేలలోని మంచినీటిని అదేపనిగా తోడితే ఉప్పునీరు లోనికి చొరబడుతుంది. నిన్నటిదాకా తియ్యగా ఉన్న నూతినీళ్లతో పప్పు కూడా ఉడకదు.

మరి ఉప్పును పోగొట్టడం ఎలా? కాచితే క్రిములు చస్తాయిగాని ఉప్పు పోదు; నీరు ఇగిరినకొద్దీ మరింత చిక్కబడుతుంది. మన పెద్దలు కుండలో ఇసుక, బొగ్గు వేసి నీళ్లు వడగట్టేవారు. బొగ్గు వాసనను, రంగును పట్టుకునేది. ఉప్పును మాత్రం వదిలేసేది. చిత్రమేమిటంటే, కాస్త విద్యుత్తు తోడైతే బొగ్గు ఉప్పును కూడా పట్టుకుంటుంది!

నీళ్లలో కరిగిన ఉప్పు రెండుగా విడిపోతుంది. సోడియం ధనవిద్యుత్తును, క్లోరిన్ ఋణవిద్యుత్తును మోస్తూ తిరుగుతాయి. ఆ నీటిని రెండు బొగ్గు పలకల నడుమ పారించి, సుమారు 1.2 వోల్టులు - టార్చిలైటు బ్యాటరీ ఒక్కదానికంటె తక్కువ - అందిస్తే, సోడియం ఋణపలకకు, క్లోరిన్ ధనపలకకు చేరి అతుక్కుంటాయి. పలకలు నిండగానే విద్యుత్తును తారుమారు చేస్తే, పట్టినదంతా వదిలేస్తాయి.

ఇందుకు పొయ్యిలోని బొగ్గు చాలదు. కొబ్బరిచిప్పలను కాల్చి, ఆవిరితో సూక్ష్మరంధ్రాలు పుట్టించిన బొగ్గు కావాలి. దాని ఒక్క గ్రాములో దాదాపు వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యం, అంటే పావు ఎకరం, దాగి ఉంటుంది!

1960 ప్రాంతంలో అమెరికాలో బ్లెయిర్, మర్ఫీ అనే శాస్త్రజ్ఞులు ఈ మార్గం తొక్కారు. 1990 తర్వాత లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఫార్మర్ బృందం కార్బన్ ఏరోజెల్ అనే తేలికైన పదార్థంతో పలకలు చేసింది. మన చెన్నై ఐ.ఐ.టి.లోనూ ఈ పరిశోధన జరిగింది.

అయితే సముద్రపు నీటికి ఇది గిట్టుబాటు కాదు. అందులో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. లీటరుకు రెండు మూడు గ్రాములున్న నూతినీళ్లకే ఇది తగినది. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 2,000 వరకు ఫరవాలేదు.

ఒక్క సంగతి మరువరాదు. తీసిన ఉప్పు మాయం కాదు; పలకలు కడిగిన నీళ్లతో బయటికే వస్తుంది. దానిని ఏ చేలోకో, ఏ ఆవలోకో వదిలితే చేసిన మేలంతా కీడవుతుంది. నూతిలో మంచినీళ్లుండగానే పొదుపుగా తోడుకున్న ఊరికి ఈ పలకల అవసరమే రాదు.