హోల్ స్పాన్సర్

అమెరికా చిన్న పట్టణాల్లో బడికో, ఆసుపత్రికో, స్వచ్ఛంద అగ్నిమాపక దళానికో విరాళాలు పోగుచేయాలంటే గోల్ఫ్ పోటీ పెట్టడం మామూలు. మైదానంలో 18 గుంటలు, ఒక్కోదానికి ఒక్కో దాత. డబ్బిచ్చిన పళ్ల డాక్టరు పేరో, టైర్ల దుకాణం పేరో తొలి దెబ్బ కొట్టే చోట చిన్న బోర్డు మీద కనిపిస్తుంది. భోజనాలకు, ఆటగాళ్లు తిరిగే బండ్లకు వేరే స్పాన్సర్లుంటారు.

అసలు తమాషా 'హోల్ ఇన్ వన్' బహుమతిది. ఒకే దెబ్బకు బంతి గుంటలో పడితే కొత్త కారు! మామూలు ఆటగాడికి ఆ అవకాశం సుమారు 12,500లో ఒకటని చెబుతారు. అయినా ఆ కారిచ్చే డీలరు అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోడు. ముందే బీమా ఉంటుంది. గుంట దూరం, ఆడేవాళ్ల సంఖ్య, కారు ధర చూసి ప్రీమియం కడతారు. సాక్షులు ఉండాలన్న షరతూ మామూలే.

ఇక దాత బోర్డు మీద ఏం రాయాలన్నది మాత్రం తేలిక వ్యవహారం కాదు. 1997 నాటి పన్ను చట్టం ప్రకారం దాత పేరు, లోగో, చిరునామా వరకు చూపితే ఆ సొమ్ముపై సేవాసంస్థకు పన్ను పడదు. 'మా దగ్గరే చవక, వచ్చి కొనండి' అని రాశారో, అది ప్రకటన కింద లెక్క. పన్ను బెడద మొదలు.