వెండి అంచున పచ్చని రైలుబాట

ఆస్ట్రియా దేశపు టంకశాల 2004వ సంవత్సరమున ఒక నాణెమును వెలువరించెను. దాని విలువ 25 యూరోలు, వ్యాసము 34 మిల్లీమీటర్లు, ముద్రించినవి 50,000. వెలుపలి వలయము వెండి. నడుమనున్న బిళ్ళ మాత్రము వెండి కాదు. అది నిగనిగలాడు ఆకుపచ్చ! ఆ పచ్చదనము మీద పాతకాలపు ఆవిరి బండియు, నేటి విద్యుత్ రైలింజనును రూపుదిద్దుకొన్నవి. సెమ్మెరింగ్ కొండమార్గమున రైలు నడువనారంభించి 150 ఏండ్లు నిండిన సందర్భమున దీనిని ముద్రించిరి.

దీనిని చేతబట్టిన విద్యార్థికి రెండు ప్రశ్నలు తోచక మానవు. ఎన్నియో రైలుమార్గములుండగా ఈ 41 కిలోమీటర్ల ముక్కకే ఇంత గౌరవమేల? లోహమునకు ఆ పచ్చరంగు ఎవరు పూసిరి? రెండవదానికి సమాధానము చిన్నది: ఎవరును పూయలేదు. అదెట్లో తెలిసికొనుటకు ముందు మొదటి ప్రశ్నను చూతము.

వియన్నా నగరమునుండి ఆడ్రియాటిక్ సముద్రతీరముననున్న త్రియెస్తె రేవునకు రైలు వేయదలచిన వారికి ఆల్ప్స్ పర్వతములు అడ్డుపడెను. ఉత్తరమున గ్లాగ్నిట్స్ వరకును, దక్షిణమున మ్యుర్జుష్లాగ్ వరకును 1840 తరువాతి కొద్ది యేండ్లలోనే పట్టాలు వచ్చి, కొండ యెదుట ఆగిపోయెను. నడిమి దూరమును ప్రయాణికులు గుఱ్ఱపుబండ్లలో దాటవలసివచ్చెడిది. ఈ లోటు పూడ్చుటకు 1848లో పని ప్రారంభమయ్యెను. దానిని నడపిన ఇంజనీరు కార్ల్ ఫాన్ గేగా. వెనిస్ నగరమున 1802లో జన్మించినవాడు. ఆ మార్గమున మిక్కిలి ఏటవాలైన చోట 40 అడుగులు ముందుకు పోయిన ఒక అడుగు పైకెక్కవలెను. నున్నని ఇనుప పట్టా మీద నున్నని ఇనుప చక్రము అంత ఎత్తు ఎక్కజాలదు, జారిపోవును, త్రాళ్ళు కట్టి లాగవలసినదే అని వాదించినవారు పలువురు. గేగా వినలేదు. విచిత్రమేమనగా, ఆ వాలును ఎక్కగల ఇంజను ఆనాటికి ఎక్కడను లేదు. రాబోవు యంత్రమును నమ్మి ముందుగా బాట వేసిరి!

వాదమున కొంత నిజము లేకపోలేదు. చిన్న లెక్క చూడుడు. 140 టన్నుల బండ్లను 60 టన్నుల ఇంజను లాగుచున్నదనుకొందము. మొత్తము 200 టన్నులు. 40కి 1 వాలు మీద, భూమ్యాకర్షణను ఎదుర్కొనుటకే ఇందులో నలుబదవ వంతు, అనగా 5 టన్నుల బరువునకు సమానమైన లాగుడు కావలెను. చక్రముల రాపిడికి, వంపులకు మరియొక టన్ను కలుపుడు, 6 టన్నులు. చక్రము జారక పట్టాను పట్టుకొనగల బలము, దానిపై మోపిన బరువులో సుమారు ఏడవ వంతు మాత్రమే. వర్షమున తడిసిన పట్టా మీద ఇంకను తక్కువ. కావున యంత్రము తిప్పు చక్రములపైననే దాదాపు 42 టన్నుల బరువు పడవలెను. ఇంజను ఎంత బరువైనను, ఆ బరువు ఊరకే దొర్లు చక్రముల మీద ఉన్న ప్రయోజనము లేదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

1851లో సెమ్మెరింగ్ వద్దనే పోటీ పెట్టిరి. 140 టన్నులను గంటకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో వాలు మీదికి లాగవలెనని నియమము. నాలుగు ఇంజన్లు వచ్చెను, నాలుగును నెగ్గెను. బహుమానము మ్యూనిక్ నగరమున తయారైన ‘బవేరియా’కు దక్కెను. బొగ్గుబండి చక్రములను కూడ గొలుసులతో ఇరుసులకు కలిపి తిప్పుట దాని ఉపాయము. అయితే పందెము గెలిచిన గొలుసులు నిత్యసేవకు ఓర్వక తెగసాగెను. ఆ పోటీ నేర్పిన పాఠములతో ఎంగెర్త్ అను ఇంజనీరు మరియొక తీరు ఇంజనును రూపొందించెను. 1854లో బాట తెరచునాటికి లాగుటకు యంత్రము సిద్ధమయ్యెను.

డైనమైటు 1867 వరకు లేదు. మార్గములోని 14 సొరంగములను తుపాకిమందుతోను, చేతి పనిముట్లతోను తొలిచిరి. 16 పెద్ద వంతెనలలో కొన్ని రెండంతస్తులవి. పనివారు సుమారు 20,000 మంది. వారిలో వందలకొలది విషజ్వరము, కలరాల వాతబడి మరణించిరి. నాణెము మీద వారికి చోటు దొరకలేదు. మన దేశమున బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడచినది 1853 ఏప్రిల్ 16న; కాని అది చదును నేల. విశాఖపట్నము నుండి అరకు పోవు రైలులో సొరంగముల వెంట సొరంగములు దాటినవారికి సెమ్మెరింగ్ దృశ్యము ఊహకందును. సెమ్మెరింగ్ మార్గమును 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.

ఇక రంగు మాట. వలయములోని వెండి నూటికి 90 పాళ్ళు, తక్కినది రాగి. శుద్ధమైన వెండి మెత్తన, రాగి దానికి గట్టిదనమిచ్చును. నడిమి బిళ్ళ నియోబియము. దీనిని 1801లో హాచెట్ అను ఆంగ్లేయుడు అమెరికా నుండి వచ్చిన ఒక ఖనిజమున కనుగొనెను. సహజముగా అది బూడిదవన్నె లోహము. దానిని తగిన ద్రావణములో ముంచి, ధన ధ్రువముగా చేసి విద్యుత్తు పంపినచో, నీటిలోని ఆమ్లజని లోహముతో కూడి పైన పారదర్శకమైన ఆక్సైడు పొర ఏర్పడును. ఈ పొర విద్యుత్తును అడ్డగించునది. కావున కొంత మందము పెరుగగానే పెరుగుదల తానే ఆగును. ఓల్టులు పెంచిన మరికొంత పెరిగి మరల ఆగును. పొర మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. కాంతి తరంగదైర్ఘ్యముతో పోల్చదగినది.

తెల్లని వెలుగు దానిపై పడినపుడు కొంత పొర పైభాగము నుండియు, కొంత లోపలి లోహము నుండియు తిరిగివచ్చును. ఈ రెండు తరంగములలో శిఖరము శిఖరముతో కూడిన వన్నె బలపడును. శిఖరము ద్రోణితో కూడినది కృశించును. దీనినే వ్యతికరణమందురు. సబ్బుబుడగ మీదను, వాననీటిపై పడిన కిరసనాయిలు చుక్క మీదను పిల్లలు దినదినము చూచునది ఇదియే. ఆకుపచ్చ మిగులునంత మందమున పొరను ఆపిరి. అంతే! ఇట్టి వెండి నియోబియము నాణెమును ఆ టంకశాల మొదట 2003లో హాల్ పట్టణపు 700 ఏండ్ల పండుగకు తీసినపుడు ఓల్టులను వేరుగా నిర్ణయించి నీలివన్నె తెప్పించెను. అనగా ఇక్కడ రంగును కలుపుట లేదు, కొలుచుచున్నారు.

తరువాత 2007 నుండి 2009 వరకు అదే టంకశాల రైలు చరిత్రపై 20 యూరోల నాణెములు ఆరింటిని తెచ్చెను. 1837లో ఆస్ట్రియాలో తొలి ఆవిరిబండి నడచిన ఉత్తరమార్గముతో ఆ వరుస మొదలగును. అవి పూర్తిగా వెండివే, రంగు లేనివి. అయినను గాలిలోని గంధకపు వాయువులు సోకినచో ఏండ్లు గడచిన కొలది వాటిపైనను పలుచని వెండి సల్ఫైడు పొర పేరుకొని, మొదట పసుపు, పిదప ఎరుపు, నీలి ఛాయలు దేలి, తుదకు నల్లబడును. ఆ ఛాయలు కూడ వ్యతికరణము వలననే. మన ఇండ్లలో వెండిచెంబును విభూతితో తోమి తెల్లబరచుట వాడుక. నాణెమును అట్లు తోమరాదు. నల్లదనముతో పాటు బొమ్మలోని సన్నని గీతలును అరిగిపోవును. పచ్చని బిళ్ళ మీద లోతుగా గీత పడినచో పొర చీలి అచ్చట బూడిదవన్నె లోహము బయటపడును. దానిని సరిచేయుటకు ఏ రంగుడబ్బాయు పనికిరాదు.