గడియారము నెదుట నుంచుకొని చదువుట

పరీక్షలో మన విద్యార్థులు కొందరు తెలియని ప్రశ్నవలన గాక, తెలిసిన ప్రశ్నయొద్దకు చేరలేకపోవుటవలన మార్కులు పోగొట్టుకొనుచున్నారు. కడపటి గద్యభాగమును ముట్టకయే కాగితమిచ్చివేయు బాలుడు మందమతి కాడు. అతని చదువు నెమ్మదిగా నున్నది, అంతియే. ఈ కొరత అభ్యాసముచే తీరును.

టోఫెల్ జూనియర్ అను ఆంగ్లపరీక్షకై 2023లో మన రాష్ట్ర ప్రభుత్వము ఒడంబడిక చేసికొనెను. దాని ప్రామాణిక రూపమున పఠనభాగమునకు 50 నిమిషములు, ప్రశ్నలు 42. అనగా గద్యము చదువు కాలముతో గూడ ఒక్కొక్క ప్రశ్నకు సుమారు 71 సెకండ్లు మాత్రమే. ఇట్టి పరీక్షలయందు జ్ఞానముతోపాటు వేగమును కొలువబడును.

అయితే వేగమనగా నేమి? 2021 జూలైలో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము, మూడవ తరగతి ముగియునప్పటికి బాలుడు నిమిషమునకు కనీసము 60 మాటలు అర్థముతో చదువవలెనని లక్ష్యము పెట్టెను. ‘అర్థముతో’ అను మాటయే ఇందు ముఖ్యము. తెనుగు లెక్కను ఆంగ్లపు లెక్కతో పోల్చరాదు. ఆంగ్లమున నాలుగైదు మాటలగునది తెనుగున ‘పోవలసియుండెననియు’ అని ఒక్క మాటలో నిముడును.

చదువునప్పుడు కన్ను పంక్తివెంట నీటివలె ప్రవహింపదు. పిచ్చుకవలె గంతులు వేయును. ఈ సంగతి 19వ శతాబ్దాంతమున పారిసులో నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ పరిశోధనాలయమున గమనింపబడెను. ఒక్కొక్క గంతు నడుమ కన్ను సుమారు పావు సెకండు నిలుచును. మాట తెలిసినదైన త్వరగా సాగును. క్రొత్తదైన నిలిచిపోవును, వెనుకకును మరలును. కావున వేగమునకు మూలము కంటి సాము కాదు, మాటల పరిచయము. కొలది దినములలో వేగమును అనేక రెట్లు పెంచెదమను ప్రకటనలను నమ్మకుడు. కీత్ రేనర్ ప్రభృతుల పేర 2016లో వెలువడిన సమీక్ష, వేగము మితిమీరినకొలది గ్రహణము తగ్గునని తేల్చినది.

ఇక చేయదగిన పనులు:

మొదటిది, వారమున కొకసారి క్రొత్త పుట నొకదానిని నిమిషము చదివి, మాటలు లెక్కించి, పుస్తకము మూసి సారాంశము చెప్పి, రెండును నోటుపుస్తకమున వ్రాసికొనుడు. సారాంశము రాని వేగము లెక్కకు రాదు.

రెండవది, ఒక చిన్న భాగమునే మూడు నాలుగు మారులు బిగ్గరగా చదువుడు. అమెరికా విద్యావేత్త జే శామ్యూల్స్ 1979లో వివరించిన పద్ధతి యిదియే. మాటలు గుర్తుపట్టు శ్రమ తగ్గగా మనస్సు భావముపై నిలుచును.

మూడవది, పాఠ్యపుస్తకము గాక వేరొక పుస్తకమును ప్రతిదినము అరగంట చదువుడు. విషయము ముందే తెలిసినవాడు శీఘ్రముగా చదువును.

నాల్గవది, పరీక్షలో ముందు ప్రశ్నలపై చూపు సారించి, పిమ్మట గద్యము చదువుడు. చిక్కుప్రశ్నకు గురుతుపెట్టి ముందుకు సాగి, తుదకు తిరిగి రండు. తప్పునకు మార్కులు తగ్గింపని పరీక్షలో దేనిని ఖాళీగా విడువకుడు.

ఐదవది, నిషేధమును కనిపెట్టుడు. ఆంగ్లమున ‘నాట్’ అను మాట విడిగా నుండును. తెనుగున నిషేధము క్రియ తోకలో దాగియుండును. ‘పోవచ్చును’, ‘పోరాదు’ అనువానికి మొదలొక్కటే. చివర నూహించి పరుగిడువాడు ఇచ్చటనే పడును.

తల్లిదండ్రులకు ఒక మనవి. మైపాడు, కృష్ణపట్నము మొదలగు తీరగ్రామములనుండి వచ్చు పిల్లలలో కొందరి యిండ్లలో పాఠ్యపుస్తకము తప్ప వేరు గ్రంథము లేదు. వారికి వేగము రాలేదన్న, బుద్ధి తక్కువై కాదు, చదువుటకు కాగితము తక్కువై. వార్తాపత్రికయైనను, మందుసీసాపై చీటియైనను, తుపాను హెచ్చరికయైనను వారిచే చదివించి భావము నడుగుడు. మీకు చదువురాకున్నను వినవచ్చును గదా! 1989 నవంబరులో కావలియొద్ద తుపాను తీరము దాటిన జిల్లా మనది. వేటకు పోవచ్చునో పోరాదో తెలుపు పంక్తిని త్వరగాను, తప్పులేకుండను చదువగల బిడ్డ యింట నుండుట మార్కులకంటె గొప్ప లాభము.

విద్యార్థులారా, గడియారము మీకు శత్రువు కాదు. అది కొలబద్ద మాత్రమే. నేడే ఒక పుట తెరచి, మీ మొదటి లెక్క వ్రాసికొనుడు.